చిన్న అక్షరాల పుస్తకం

నవలలు రాసే పాపానికి నాకు తరచూ పోస్టులో పుస్తకాలు వొస్తూ వుంటాయి, రెండు మాటలు రాసి పంపమని. బాగున్నవాటి గురించి బాగున్నాయని రాస్తాను. బాగుండనివాటి గురించి ముఖచిత్రం బాగుందని రాస్తాను. ఈసారి నేను సమీక్షించబోయే పుస్తకం మాత్రం ఎవరూ నాకు పంపింది కాదు. దానికి రచయిత పేరు లేదు. అంకితం లేదు. అట్టమీద వెల వెయ్యలేదు. వెల లేక కాదు, వుంది. లోపలెక్కడో, భూతద్దం పెట్టి చూస్తే తప్ప కనిపించని చోట వుంది.

మీ ఇంట్లోనూ ఒక ప్రతి వుండే వుంటుంది. బీరువాలో చీరల కిందో, దేవుడి పటం వెనకో, కరెంటు బిల్లుల కట్టలోనో వెతకండి. క్రెడిట్ కార్డుతో పాటు అదే కవర్లో వొచ్చే నిబంధనల పుస్తకం అది. లక్షల ప్రతులు అచ్చయి, ఇంటింటికీ చేరి, ఒక్కరు కూడా చదవని పుస్తకం తెలుగుదేశంలో మరొకటి వుంటుందనుకోను. నా నవలలకి కూడా అంత దుర్గతి పట్టలేదు.

నాకిది దొరికింది బిచ్కుందలో. మొన్న వేసవి సెలవుల్లో అక్కయ్య దగ్గర పదిహేను రోజులు వుండి వొచ్చాను. బిచ్కుంద మీలో చాలామందికి తెలియకపోవచ్చు. కామారెడ్డి జిల్లా బాన్సువాడ డివిజనులో వుంది. 2016 దాకా నిజామాబాదు జిల్లా. మద్నూరు దాటితే మహారాష్ట్ర, ఇంకో పక్కకి తిరిగితే కర్ణాటక. అంచేత అక్కడి బజార్లో తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ నాలుగూ వినిపిస్తాయి. మా అక్క ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో టీచరు. దెగ్లూరు వెళ్లి చీరల కొట్లో మరాఠీలో బేరమాడి, ముప్ఫై రూపాయలు తగ్గించాక కూడా ఇంకో జాకెట్టు ముక్క కొసరడిగే మనిషి. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఓ సాయంత్రం అక్క ఫోన్లోకి మెసేజీ వొచ్చింది. కళ్లద్దాలు పెట్టుకుని చూసి, ఏమీ అనకుండా ఫోన్ బోర్లించి పెట్టింది. నేను వూరుకుంటానా? తీసి చూశాను. కార్డు వార్షిక రుసుము 500, దాని మీద నూటికి 18 చొప్పున పన్ను 90, మొత్తం 590 రూపాయలు.

"నీకు క్రెడిట్ కార్డుందా అక్కా?" అన్నాను.

"ఉన్నది. బ్యాంకు పిలగాడు బడికొచ్చి ఇచ్చిండు. మేడం, ఫ్రీ మేడం, నాకు టార్గెట్ ఉన్నది మేడం అన్నడు. మా చిన్నోడి లెక్క ఉండె. సరే తియ్యి అన్న."

"వాడుతున్నావా?"

"ఎందుకు వాడ్త? పైసలుంటే కొంట, లేకుంటే కొనను."

మొదటి ఏడాది ఉచితం. రెండో ఏడాది 590, మూడో ఏడాది 590 జీతం పడే ఖాతాలోంచి వాటంతటవే పోయాయి. ఇది నాలుగోది. అంటే ఒక్కసారి కూడా వాడని కార్డుకి మా అక్క అప్పటికే 1180 రూపాయలు కట్టింది. కట్టినట్టు తెలుసు కూడా. అయినా ఎవర్నీ అడగలేదు. ముప్ఫై రూపాయలకి గంటసేపు బేరమాడే మనిషి!

అప్పుడు తీయించాను పుస్తకాన్ని. ఆ రాత్రి కూర్చుని అట్ట నుంచి అట్ట దాకా చదివాను. ఇక సమీక్ష.

ఇందులో పాత్రలు రెండే. ఒకరు బ్యాంకు, రెండోవారు కార్డు తీసుకున్నవారు. పాత్రపోషణ చాలా పటిష్ఠంగా వుంది. కార్డు తీసుకున్న పాత్ర చేసేవన్నీ విధులే: కట్టవలెను, తెలుపవలెను, అంగీకరించవలెను. బ్యాంకు పాత్రకి విధులు తక్కువ, ఇష్టాలు ఎక్కువ. మార్చవచ్చు, పెంచవచ్చు, నిలిపివేయవచ్చు, ఎందుకో చెప్పకపోవచ్చు. పాతకాలపు నవలల్లో జమీందారు కథానాయకుడు గుర్తొచ్చాడు. కోపమొస్తే గెంటేస్తాడు, మనసైతే మడిమాన్యాలు రాసిచ్చేస్తాడు. ఎప్పుడు ఏం చేస్తాడో కరణానికి కూడా తెలియదు.

భాష ఇంగ్లీషు. నాలుగు భాషలు మాట్లాడే వూరికి వొచ్చిన పుస్తకంలో ఆ నాలుగింట్లో ఒక్కటీ లేదు. నేనేదో చాదస్తంతో అంటున్నాననుకోకండి. 2022 ఏప్రిల్ 21న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల్లోనే షరతులు స్పష్టంగా, సులభంగా, వీలైతే ఇంగ్లీషుతో పాటు హిందీలోనూ స్థానిక భాషలోనూ వుండాలని వుంది. 'వీలైతే' అన్న మాట ఎంత చిన్నదో, దాని చాటున ఎంత పెద్ద సంస్థ అయినా ఎంత హాయిగా దాక్కోగలదో చూడండి. పైగా పుస్తకం పొడుగునా కార్డు తీసుకున్న మనిషిని 'అతను' అనే అన్నారు. నేను చదివి అర్థం చెపుతుంటే అక్క మధ్యలో ఆపి, "ఈ అతను ఎవరే? మీ బావనా?" అంది. ఇది విమర్శకులెవరికీ తట్టని ప్రశ్న.

ఇక ఇతివృత్తం. కథంతా 'ఉచితం' అనే ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది. ఈ మాటకో చరిత్ర వుంది. 1950లో న్యూయార్కులో డైనర్స్ క్లబ్బు కార్డు పుట్టినప్పుడు అది హోటళ్లలో భోంచేసే పెద్దమనుషుల కార్డు. క్లబ్బన్నాక చందా వుంటుంది, వాళ్లూ కట్టారు. 1958లో అమెరికాలోని ఒక పెద్ద బ్యాంకు కాలిఫోర్నియాలో ఫ్రెస్నో అనే వూళ్లో అడగనివాళ్లందరికీ దాదాపు 60 వేల కార్డులు పోస్టులో పంపేసింది. అవి ఉచితం. అలవాటయ్యాక, 1980లో వడ్డీలు మండిపోతూ, అధ్యక్షుడు కార్టర్ అప్పుల మీద ఆంక్షలు పెట్టిన సమయంలో, అక్కడి బ్యాంకులు ఏడాది రుసుము పెట్టడం మొదలెట్టాయి. 1990లో ఒక టెలిఫోను కంపెనీ, ఏటీ అండ్ టీ, మా కార్డు మొదట్లో తీసుకున్నవాళ్లకి జన్మంతా రుసుము లేదని రంగంలోకి దిగేసరికి జనం ఎగబడ్డారు. ఇవాళ మన బజార్లో కుర్రాళ్లు కంఠతా పట్టిన 'లైఫ్‌టైమ్ ఫ్రీ' అన్న మాటకి తాతగారు అది.

మన తెలుగువాళ్లం ఈ విషయంలో వెనకబడిన వాళ్లమేం కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నంలో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చింది. దేశంలో మొదటి వరసలో అదొకటి. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బ్యాంకు పేరు పోయింది గానీ కార్డు మాత్రం బిచ్కుంద బడి దాకా నడిచొచ్చింది.

పుస్తకం చదివాక తెలిసేదేమిటంటే, ఇందులో అసలు మలుపు పుస్తకంలో లేదు. అది ఫోన్లో వుంది. ఏడాది రుసుము చాలాసార్లు అడిగితే తీసేస్తారు. ఎక్కడా పెద్ద అక్షరాల్లో రాయరు, కానీ తీసేస్తారు. కొన్ని కార్డులకి ఏడాదిలో ఇంత ఖర్చు పెడితే రుసుము వుండదని షరతు అచ్చులోనే వుంటుంది. ఆ షరతు నెరవేరకపోయినా, అడిగినవాళ్లకి మాఫీ చెయ్యడం మామూలే.

మర్నాడు పొద్దున్నే ఫోన్ పెట్టాం. నేను మాట్లాడతానంటే వీల్లేదు. కార్డు ఎవరిదో వాళ్లే మాట్లాడాలి. ఒకటి నొక్కండి, మూడు నొక్కండి, సంగీతం వినండి. పన్నెండు నిమిషాలయ్యాక ఒకమ్మాయి పలికింది. మా అక్క, పిల్లలకి ఎక్కాలు చెప్పేటప్పుడు వీధి చివరకి వినపడే మా అక్క, పెళ్లిచూపుల్లో కూర్చున్నదానిలా గొంతు తగ్గించి, హిందీలో, "జర వీలైతే చూడున్రి" అన్న ధోరణిలో అడిగింది. సిస్టమ్ ఒప్పుకోదు మేడం అందా అమ్మాయి. "అచ్ఛా, సరే తల్లీ" అని పెట్టెయ్యబోయింది అక్క!

నేను చెయ్యి పట్టుకుని ఆపాను. "కార్డు మూసెయ్యమను" అన్నాను గుసగుసగా. అక్క అంది. అంతే. సంగీతం మారింది. వేరే విభాగమట, వేరే గొంతు. ఈ గొంతులో తేనె వుంది. మేడంగారు ఎన్నాళ్లనుంచో మా దగ్గర వున్నారు, రెండు నెలల్లో 5 వేలు ఖర్చు పెడితే రుసుము మాఫీ చేస్తామన్నాడు. అక్క నావైపు చూసింది. నేను తల అడ్డంగా వూపాను. "కొనేదేం లేదు బాబూ, మూసెయ్" అంది. ఒక్క నిమిషం వుండండన్నాడు. నిమిషం కాకుండానే, ప్రత్యేకంగా మీ కోసం, సద్భావంతో, 500 వెనక్కి వేస్తున్నాం అన్నాడు.

నాటకంగా చూస్తే ఇది చాలా పాత నాటకమే. మన బజార్లో గాజులవాడు కూడా ఇదే ఆడతాడు. మనం వెనక్కి తిరిగి పది అడుగులు వేశాక పిలుస్తాడు. ఒక్కటే తేడా. గాజులవాడి దగ్గర అందరం బేరమాడతాం, ఆడొచ్చని అందరికీ తెలుసు. ఇక్కడ బేరం వుందన్న సంగతే కొందరికి తెలుసు, తెలిసినవాళ్లలో కొందరికే నోరొస్తుంది.

బ్యాంకు అంత తేలిగ్గా ఎందుకు దిగొస్తుందని మీరడగొచ్చు. సద్భావం సంగతి దేవుడెరుగు, లెక్క వుంది. మనం కార్డు గీకినప్పుడల్లా కొట్టువాడి దగ్గర నూటికి ఇంచుమించు రూపాయిన్నర, రెండు రూపాయలు పట్టుకుంటారు. అందులో పెద్ద వాటా కార్డిచ్చిన బ్యాంకుది. ఏడాదికి లక్ష రూపాయలు కార్డు మీద కొనేవాళ్ల దగ్గర 500 వొదులుకుంటే నష్టం లేదు. ఏ నెలన్నా బాకీ పూర్తిగా కట్టకుండా, బిల్లులో చూపించిన 'కనీస మొత్తం' మాత్రం కట్టామా, నెలకి మూడున్నర శాతం దాకా వడ్డీ. ఏడాదికి నూటికి 40 దాటుతుంది. అలాంటి ఒక్క పొరపాటు కోసం ఎన్ని 500లైనా మాఫీ చెయ్యొచ్చు. కొత్తవాళ్లని పట్టి తెచ్చే ఖర్చు కన్నా పాతవాళ్లని వుంచుకునే ఖర్చు తక్కువ. ఇదంతా వ్యాపారమే, నేను తప్పు పట్టను.

నేను తప్పు పట్టేది ఇంకోటి. ఈ లెక్కలో రుసుము చివరికి ఎవరు కడుతున్నారు? బాగా ఖర్చు పెట్టేవాళ్లు కట్టరు. నోరున్నవాళ్లు కట్టరు. ఇంగ్లీషు చదివి, ఫోన్లో పావుగంట నిలబడి, "మూసెయ్యండి" అని గట్టిగా అనగలిగినవాళ్లు కట్టరు. కార్డు బీరువాలో పెట్టి మర్చిపోయిన మా అక్క కట్టింది. అడగందే అమ్మయినా పెట్టదని సామెత. నిజమే, కానీ ఆడపిల్లలకి మనం నేర్పేది ఈ సామెత కాదు కదా! చుట్టాలింట్లో రెండో గారె అడగొద్దు, పండక్కి చీర ఇంత ఖరీదుదని అడగొద్దు, ఆఫీసుల్లో పెద్దవాళ్లని ఎదురడగొద్దు. నలభై ఏళ్లు అడగొద్దని పెంచిన మనిషిని, ఇప్పుడు అడగలేదు కాబట్టి 590 కట్టమంటే ఎలా?

ఫోన్ పెట్టేశాక అక్క సంతోషించలేదు. ముఖం ముడుచుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. పప్పులో పోపు వేస్తూ అంది, "మాఫీ అంటే తప్పు చేసినోళ్లు అడుగుతరు చెల్లె. నేనేం తప్పు జేసిన?"

నేను జవాబు చెప్పలేకపోయాను. మాఫీ అన్న మాటకి బిచ్కుందలో చాలా బరువుంది. అక్కడి రైతులకి అది కొత్త కాదు. 2008లో కేంద్రం చేసిన మాఫీ, 2014లో రాష్ట్రమొచ్చాక లక్ష రూపాయల దాకా మాఫీ, 2024లో 2 లక్షల దాకా మాఫీ. ప్రతిసారీ పాస్‌బుక్కూ ఆధారూ పట్టుకుని బ్యాంకు మెట్ల మీద కూర్చోవడం, జాబితాలో పేరుందా లేదా అని వెతుక్కోవడం. వానలకి సోయా చిక్కుడు పోయిన రైతు మాఫీ అడిగితే, అది సోమరితనమనీ, దేశానికి బరువనీ పట్నాల్లో సోఫాల మీద కూర్చుని వాదించేవాళ్లని నేను చాలామందిని ఎరుగుదును. వాళ్లలో ప్రతి ఒక్కరూ తమ కార్డు రుసుము ఏటా మాఫీ చేయించుకుంటారు. దానికి సిగ్గుపడరు, తెలివి అంటారు. మాట ఒక్కటే, అడిగిన మనిషిని బట్టి దాని అర్థం మారిపోతోంది.

ఈ పుస్తకానికి ఈమధ్య వ్యాఖ్యానాలు కూడా చాలా వెలువడ్డాయి. పత్రికల్లో, ఫోన్లో వొచ్చే వీడియోల్లో, రుసుము తప్పించుకోవడం ఎలా అని. కొన్ని ఉపయోగమే. కానీ వాటిలో ఎక్కువ భాగం చెప్పేది, ఖర్చు లక్ష్యం చేరుకోండి, పాయింట్లు కూడబెట్టండి అని. 590 మిగుల్చుకోవడానికి అక్కర్లేని మిక్సీ 5 వేలు పెట్టి కొనమనే ఆ సలహా నాకు మింగుడుపడలేదు. దాన్ని పొదుపు అని ఏ ఇల్లాలూ అనదు. అన్నట్టు, 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డుతో కిరాణా కొట్లో బోర్డు మీది గళ్లబొమ్మకి కూడా డబ్బు పంపొచ్చు. ఉప్పూ పప్పూ కూడా అప్పు మీద కొనే వీలన్నమాట. జాగ్రత్త.

సమీక్షకురాలిగా నా బాధ్యత కాబట్టి, చదవకుండా వొదిలేసిన పేజీల్లోంచి మీకు పనికొచ్చేవి చెప్తాను. కార్డు వెనక వున్న నంబరుకే మీరు ఫోన్ చెయ్యండి. రుసుము పడ్డ నెలలోనే చెయ్యండి, ఆలస్యమైతే బలం తగ్గుతుంది. బతిమాలకండి. వాడటం లేదు, తీసెయ్యండి లేదా మూసెయ్యండి అని మామూలు గొంతుతో చెప్పండి. మీరు ఫోన్ చేసిన తేదీ, వాళ్లిచ్చిన నంబరు రాసి పెట్టుకోండి. నేను చెప్పిన ఆ 2022 ఆదేశాల్లోనే, బాకీ లేని కార్డుని మూసెయ్యమంటే 7 పనిదినాల్లో మూసెయ్యాలనీ, లేకపోతే రోజుకి 500 చొప్పున కార్డుదారుకే బ్యాంకు ఇచ్చుకోవాలనీ వుంది. అడగని కార్డు అంటగట్టి డబ్బు పట్టుకుంటే, ఆ డబ్బు వెనక్కిచ్చి, దానికి రెండింతలు జరిమానా కట్టాలని కూడా వుంది. బ్యాంకు 30 రోజుల్లో జవాబు చెప్పకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చెయ్యొచ్చు, దానికి రుసుము లేదు. ఇంకో మాట. వాళ్లంతట వాళ్లే ఫోన్ చేసి, మీ రుసుము మాఫీ చేస్తాం, ఓటీపీ చెప్పండి అంటే, వాళ్లు దొంగలు. పెట్టెయ్యండి. పొరపాటున చెప్పేసి డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి.

ఇక మా కథ ముగింపు. 500 వెనక్కొచ్చాయి. 90 రాలేదు. పన్ను ప్రభుత్వానిదట, దాన్ని మాఫీ చెయ్యడం వాళ్ల చేతుల్లో లేదట. అంటే లేని రుసుము మీద పన్ను! పాత 1180 గురించి అడిగితే, మొదటి ఏడాదే ఉచితమని పుస్తకంలో రాసే వుందిగా మేడం అన్నారు. నిజమే, రాసే వుంది. ఆ కుర్రాడు నోటితో అన్న 'ఫ్రీ'కి సాక్షి మా అక్క, మూడో తరగతి బ్లాక్‌బోర్డు.

రుసుము పోయింది కదా, కార్డు వుంచుకుంటావా అన్నాను. అక్క రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు, నన్ను పిలవకుండా, తనే ఫోన్ తీసి నంబరు నొక్కింది. నేను వరండాలో కూర్చుని వింటున్నాను. ఈసారి గొంతు తగ్గించలేదు. దెగ్లూరు చీరల కొట్లో గొంతు అది. "90 కట్టిన. బాకీ లేదు. నాకొద్దు, మూసెయ్. నంబరు చెప్పు, రాస్కుంట" అంది. తేనెగొంతు ఏవేవో చెప్పబోయింది. "బాబూ, నేను టీచర్ని, చెప్పింది ఒకసారే చెప్త" అంది. ఆరో పనిదినాన మూసేసినట్టు మెసేజీ వొచ్చింది. అక్క కుట్టుమిషను డ్రాయర్లోంచి కత్తెర తీసి కార్డుని నాలుగు ముక్కలు చేసింది.

నేను బయల్దేరేటప్పుడు ఆ పుస్తకం నా సంచీలో పెట్టింది. "నువ్వు పుస్తకాలు చదువుతవ్ గద, తీస్కపో" అంది. బస్సు పిట్లం దాటాక తీసి తిరగేశాను. ఆఖరి పేజీ ఖాళీలో అక్క గుండ్రటి అక్షరాలు, బడి రిజిస్టర్లో రాసినంత నీటుగా వున్నాయి. ఫోన్ చేసిన తేదీలు రెండు, ఫిర్యాదు నంబరు, దాని కింద, '500 వచ్చినయి. 90 పోయినయి. నేను అడిగిన.'

పుస్తకం మొత్తమ్మీద తెలుగులో వున్నది అవే.